బాలపాత్రలు - మన బిడ్డల నోటి తెలుగు

ఉగాదికో, సంక్రాంతికో, సంఘ వార్షికోత్సవమునకో మన బిడ్డలు రంగమెక్కని యేడు లేదు. బళ్ళారియందైనను, బరంపురమందైనను, చెన్నపట్టణమందైనను, ముంబయి, షోలాపురములందైనను తెలుగు కుటుంబములు నాలుగు కూడినచోట ఒక తెర, రెండు దీపములు, ఒక అట్టకిరీటము సిద్ధమగుచునే యున్నవి. ఇది సంతోషింపదగినదే. కాని తెర దించిన పిమ్మట ఆ బిడ్డకు మిగిలినదేమి? ఫొటో మిగులును, బహుమతిగా నిచ్చిన స్టీలు గిన్నె మిగులును. తెలుగు మిగిలినదా యని మాత్రము మనము అడిగికొనుట లేదు. ఆ ప్రశ్ననే ఇచట కొంత విచారింప దలచినాము.

నాటకశిక్షణ వలన పిల్లలకు కలుగు లాభము లేవి యన్నచో సభాపిరికితనము పోవును, జ్ఞాపకశక్తి హెచ్చును, చదువు చురుకెక్కును అని పదిమందియు పది చెప్పుదురు. వీనిలో కొన్ని ఊరక చెప్పుకొను మాటలు. కొన్ని పరీక్షకు నిలిచినవి. కెనడా దేశమున టొరంటో నగరములో గ్లెన్ షెలెన్‌బర్గ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఆరేండ్ల బిడ్డలను 144 మందిని చేర్చి, కొందరికి సంగీతము, కొందరికి నాటకము నేర్పించి, కొందరికి ఏమియు నేర్పింపక పరిశీలించెను. 2004లో వెలువడిన ఆ ఫలితములను బట్టి, బుద్ధిబలమును కొలుచు పరీక్షలలో ఇంచుక పైకి వచ్చినవారు సంగీతము నేర్చినవారే; నాటకము నేర్చినవారికి ఆ యధికలాభము కానరాలేదు. కాని తోడివారితో మెలగు తీరున బాగుపడినవారు నాటకము నేర్చిన బిడ్డలు. ఇక ఆన్ పొడ్లొజ్నీ అను పరిశోధకురాలు అంతకు ముందు జరిగిన 80 పరిశోధనలను ఒకచోట చేర్చి చూచి, తరగతిలో కథను ఆడి చూపిన పిల్లలకు ఆ కథ చక్కగా బోధపడుటయే గాక, ఆడని క్రొత్త పాఠములయందును ఆ మేలు వెంటవచ్చుచున్నదని 2000లో ప్రకటించెను. కాబట్టి నాటకము నేర్చిన బిడ్డ లెక్కలలో మొదటివాడగునని ఆసపెట్టు ప్రకటనలను నమ్మనక్కరలేదు. నాటకము ఇచ్చునది మాట. మాటతోపాటు ఎదుటివాని మనసు తెలియుట. ఇల్లు విడిచిన తరువాత తెలుగు వినబడని చోట పెరుగు మన బిడ్డలకు ఇంతకంటె కావలసినది లేదు.

మన యిండ్లలో బిడ్డ చెవిని బడు తెలుగు ఎట్టిదో ఒక్క దినము శ్రద్ధగా వినుడు. లే, ముఖము కడుగుకో, తిను, తొందరగా రా, చాలు ఆటలు, పడుకో. అన్నియు ఆజ్ఞలే. వీనికి ప్రత్యుత్తరము 'ఊఁ' లేక 'వద్దు'. ఆ బిడ్డయే వీథిలో కన్నడమున తగవులాడును, తమిళమున వేళాకోళము చేయును, ఒరియాలో బేరమాడును, హిందీలో పరిహాసమాడును. కోపము, చతురత, కుట్ర, స్నేహము, గొప్పలు చెప్పుకొనుట - బాల్యమునకు ప్రాణమైన వన్నియు వేరొక భాష పాలైనవి; తెలుగునకు మిగిలినది లోబడి యుండుట యొక్కటే. ఇట్టి భాషయందు బిడ్డకు మక్కువ యేల కలుగును? తల్లిదండ్రులు "మావాడికి తెలుగు అర్థమగును గాని మాటలాడడు" అని చెప్పుచుందురు. అర్థమగునది ఆజ్ఞల తెలుగు గనుకనే మాటలాడుట లేదని మా యభిప్రాయము. సెలవులలో అమ్మమ్మగారి యూరికి పోయినపుడు ఆమె యేదో అడుగును. బిడ్డ తల్లి మొగము చూచును. తల్లి ఆ ప్రశ్నకు తానే ఉత్తరము చెప్పును. అమ్మమ్మకును మనుమనికిని నడుమ ఒక దుబాసి కావలసి వచ్చినదన్నమాట.

నాటకమున బిడ్డ రాజగును. ఆజ్ఞ యిచ్చుట తన వంతగును. దొంగయై బొంకవలెను, మంత్రియై నచ్చజెప్పవలెను, బిచ్చగాడై బ్రతిమాలవలెను. తెలుగున ఒక్క పిలుపునకే ఎన్ని మెట్లున్నవో చూడుడు: "ఇటు రా", "ఇటు రావోయ్", "ఇటు రా నాయనా", "ఇటు రండి", "దయచేయండి", "ఇట్లా తగలడు". ఈ ఆరింటిని ఎవరు ఎవరితో అనవచ్చునో, ఏది అన్నచో చెంపదెబ్బ తినవలసి వచ్చునో వ్యాకరణము చెప్పదు. ఇద్దరు బిడ్డలను ఎదురెదురుగా నిలబెట్టి, ఒకనిని తాతగా, ఒకనిని పాలవానిగా చేసి, మరల మార్చి యాడించినచో గడియలో బోధపడును. నీవు, మీరు, తమరు అను భేదము తెలియక పెద్దలయెదుట నోరు విప్పుటకు జంకు బిడ్డలు ఎందరో కలరు. అది సిగ్గు కాదు. తప్పు పలుకుదునేమో యను భయము. ఆటలో తప్పు పలికినచో అందరును నవ్వుదురు, తానును నవ్వును, అంతతో సరి.

ఇట్టి శిక్షణ మన సంఘములలో జరుగుచున్నదా? చాలచోట్ల లేదని చెప్పక తప్పదు. జరుగుచున్నది వేరు. ఉత్సవమునకు మూడు వారములున్నదనగా ఎవరో పెద్దలు 'పాండవోద్యోగము' నుండి రాయబార ఘట్టమునకు నాలుగు పద్యము లెన్నుదురు. తెలుగు లిపి రాని బిడ్డకు వానిని వచ్చిన లిపిలో వ్రాసి యిత్తురు. ఇచటనే చిక్కు. కన్నడ లిపి మనకు అంత కష్టము పెట్టదు. అది మన లిపికి తోబుట్టువు. తమిళ లిపిలో కంపకును గంపకును ఒకటే అక్షరము. ఏది ముళ్ళదో, ఏది కూరగాయలదో బిడ్డ యెట్లు తెలిసికొనును? నాగరి లిపిలో మెడయు మేడయు ఒక్కటి యగును. ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో పాటయే పాత యగును. ఒరియా చదువు బిడ్డ 'అ'కారమును 'ఒ'కారముగా పలుకుట ఆ బడిలో సరియైనదే. మన పద్యమున మాత్రము నవ్వు పుట్టించును. ఇంత చిక్కుపడి బిడ్డ పద్యమును కంఠస్థము చేయును, రాగము తీయును, చప్పట్లు మ్రోగును. శ్రీకృష్ణుడు కౌరవసభలో ఏమి అడిగెనని మరునాడు ప్రశ్నించినచో ఆ కృష్ణునికే తెలియదు. పద్యమును మేము తక్కువ చేయుట లేదు. తెలుగు నాటకమునకు అది సొమ్ము. కాని సొమ్ము పెట్టుటకు ముందు మెడ యుండవలెను గదా.

ఇప్పుడు ఇంకొక సులభోపాయము బయలుదేరినది. 1957 నాటి 'మాయాబజార్' చిత్రమునుండి ఘటోత్కచుని సంభాషణల ఘట్టమును టేపుపై వినిపించుచు, బిడ్డచేత పెదవులు మాత్రము కదలించి గద త్రిప్పించుట. కనులకు ముచ్చటగనే యుండును. ఎస్.వి.రంగారావుగారి గొంతు అమోఘము. కాని ఆ గొంతు మనము ముందే విన్నదే. వినవలసినది మన యింటి బిడ్డ గొంతు. దానిని నొక్కిపెట్టి సినిమాను వినిపించు నాటకము కంటె నాటకము లేకుండుటయే మేలని మాకు తోచుచున్నది.

ఇక పాత్రల మాట. తెలుగు నాటకములలో బాలపాత్రలకు కొదువ లేదు. కాని వానిలో బిడ్డకు పని కల్పించునవి యెన్ని? లోహితాస్యుని తీసికొందము. హరిశ్చంద్ర నాటకములలో ప్రేక్షకుల కన్నీటికి మూలమైన పాత్ర. అతడు చేయునదేమి? తల్లిదండ్రుల వెంట నడచును, అమ్ముడుపోవును, పాము కాటున కూలును, తరువాత కాటిసీనంతయు కదలక పండుకొనును. చంద్రమతియు హరిశ్చంద్రుడును పద్యముమీద పద్యము పాడుచుండగా, ఒంటిపై దోమ వ్రాలినను తోలుకొనక ఓర్చుకొనుటయే ఆ బాలుని నటన. ఇందుచేత పెద్దలకు కరుణరసము సిద్ధించును; బిడ్డకు ఓర్పు సిద్ధించునేమో గాని వాక్కు సిద్ధింపదు. మార్కండేయుడు, ధ్రువుడు దీనికంటె కొంత నయము. ప్రహ్లాదుడు అందరికంటె మేటి. ఏలయన అతడు మాటకు మాట చెప్పువాడు. తండ్రి అడుగును, కొడుకు ఉత్తరమిచ్చును. తండ్రి బెదరించును, కొడుకు బెదరక, గౌరవము వదలక, తన మాట తాను నిలుపుకొనును. పెద్దవారితో మర్యాద తప్పక విభేదించుట యెట్లు అను కష్టమైన విద్యను తెలుగులో నేర్పు పాత్ర ఇంతకంటె మరియొకటి లేదు.

ఈ ప్రహ్లాదుని చరిత్ర మనబోటి ప్రవాసులకు మరింత దగ్గర. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853-1912) నాటకములు వ్రాసి యాడించినది బళ్ళారిలో. వారి ప్రహ్లాద నాటకమును సురభివారు ఆడుచుండిరి, దానినే హెచ్.ఎం.రెడ్డిగారు బొంబాయిలో చిత్రించిరి. అదియే 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. వ్రాసినవారు నేటి కర్ణాటకమున నున్న బళ్ళారివారు, చిత్రించినది మహారాష్ట్రమున, ఆడిన సురభివారు మహారాష్ట్ర మూలము గల కుటుంబములవారు. తెలుగు వెండితెరకు తొలి మాట ఈ విధముగా పొలిమేరలనుండియే వచ్చినది.

సురభివారిని గూర్చి ఇంకొక్క మాట చెప్పవలసియున్నది. 1885లో కడప మండలమున సురభి గ్రామములో వనారస గోవిందరావుగారు 'కీచకవధ' ఆడించినది మొదలు ఆ కుటుంబములలో బిడ్డలు రంగముమీదనే పెరిగిరి. చంకబిడ్డ మొదలు ముదుసలి వరకు వేషము వేయని వారు లేరు. పరభాషామూలమువారు నాటకము వలన తెలుగువారికే తెలుగు వినిపింపగలిగిరి గదా; తెలుగుమూలమువారమైన మనము నాటకము వలన తెలుగు నిలుపుకొనలేమా?

అట్లని బిడ్డ రంగమెక్కినంతనే మేలు కలుగునని అనుకొనరాదు. తమిళనాట 1918లో శంకరదాసస్వామి మదురలో బాలనటులతో నాటకసభ నెలకొల్పిన నాటినుండి 'బాయ్స్ కంపెనీ'లు ప్రబలినవి. ఎం.జి.రామచంద్రన్, శివాజీ గణేశన్ వంటి మహానటులు ఇట్టి కంపెనీలనుండియే వచ్చిరి. కాని ఆ బాలురు ఇల్లు విడిచి, బడి మాని, వాద్యారు బెత్తమునకు వెరచుచు పాఠము వల్లించిన వారు. అది జీవనోపాధి, బాలశిక్షణ కాదు. నేడు టెలివిజన్ పోటీలకై బిడ్డలను రాత్రులు మేల్కొలిపి తర్ఫీదు చేయు తల్లిదండ్రులు ఆ బెత్తమునే వేరొక చేత పట్టినారని మాకు తోచును.

బిడ్డలకు నాటకము ప్రేక్షకులకొరకు కాదు, వారి కొరకే యని నొక్కి చెప్పిన వారిలో ముఖ్యుడు ఆంగ్లేయుడు పీటర్ స్లేడ్. 1954లో ప్రకటించిన 'చైల్డ్ డ్రామా' యను గ్రంథమున ఆయన, చిన్నబిడ్డలను ఎత్తైన రంగముమీద నిలిపి పెద్దలయెదుట ఆడించుట వారి సహజమైన ఆటను చెరచునని వాదించెను. ఈ మాటలో సగము మాకు సమ్మతము, సగము కాదు. ఇంగ్లండులో ఇంగ్లీషు బిడ్డకు వినువారు ఊరంతయు కలరు. మన బిడ్డ తెలుగు మాటను వినువారు ఇంటిలోని నలుగురే. తన తెలుగును నూరుమంది విని నవ్విరి, కంట తడి పెట్టిరి అను అనుభవము అతనికి ఏడాదికొక్కసారియైనను కావలెను. కావున ప్రదర్శనము ఉండవలసినదే. అది ఏడాది శిక్షణకు చివర ఉండవలెను గాని శిక్షణకు బదులుగా ఉండరాదు.

మెట్లుమెట్లుగా బిడ్డను రంగమునకు అలవాటు చేయుట యెట్లో స్లేడును అడుగనక్కరలేకయే తంజావూరు మండలమున మెలట్టూరులో చూడవచ్చును. వేంకటరామశాస్త్రిగారు పదునెనిమిదవ శతాబ్దిలో తెలుగున రచించిన ప్రహ్లాదచరిత్రము మొదలగు నాటకములు నేటికిని అచట నృసింహజయంతికి భాగవతమేళగా ఆడబడుచున్నవి. చుట్టును తమిళము, రంగముమీద తెలుగు. నాటకారంభమున కోణంగి వచ్చి పోయిన పిమ్మట గణపతి ముఖము ధరించి ఒక చిన్న బాలుడు ప్రవేశించును. పలుకు బరువు లేదు, మొగము కనబడదు, కనుక బెదురు లేదు. ఆడి, అందరిచేత మ్రొక్కించుకొని లోనికి పోవును. రంగప్రవేశమునకు ఇంతకంటె దయగల ద్వారమును మేమెరుగము. అట్టి బాలుడు పెరిగి ప్రహ్లాదుడు కావచ్చును. మీసము వచ్చిన పిదప హిరణ్యకశిపుడును కావచ్చును. ఒక లోపము మాత్రము చెప్పవలెను: ఆ మేళము సంప్రదాయమున పురుషులదే, ఆడుబిడ్డలకు అందు తావు లేదు.

మన సంఘములలో ఆడుబిడ్డలకు తావు కలదు. కాని మాట లేదు. వారికి కోలాటము, దీపనృత్యము, స్వాగతగీతము, మగపిల్లలకు సంభాషణలు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని ఆ దినములలోనే పట్టుబట్టినవారు బళ్ళారి రాఘవగారు (1880-1946). ధర్మవరమువారి మేనల్లుడు, వృత్తిచే న్యాయవాది. పద్యమును రాగములతో సాగదీయుట కంటె మాటను పాత్రకు తగినట్లు పలుకుటయే నటనయని ఆయన నమ్మినారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినను ఆ యూరు ఆయనను మరువలేదు. ఆయన పేర కళామందిరమే వెలసినది. ఆయన పటమునకు దండ వేయు సంఘములు, ఆయన మాటను పట్టించుకొని ఆడుబిడ్డల నోటను సంభాషణ పెట్టినచో దండ వాడిపోయినను నష్టము లేదు.

ఏ తెలుగు నేర్పవలెనన్నది తరువాతి చిక్కు. హోసూరు తెలుగు వేరు, పర్లాకిమిడి తెలుగు వేరు, ముంబయిలోని పాలమూరు, కరీంనగరము కుటుంబముల తెలుగు వేరు. శిక్షకుడు వచ్చినతోడనే బిడ్డ యింటి మాటను తప్పని దిద్దుటకు ఆరంభించును. బిడ్డ మరల నోరు మూసికొనును. ఇది తగదు. 1892లో విజయనగరమున తొలిసారి ఆడిన 'కన్యాశుల్కము'న గురజాడవారు ఏ పాత్రకు తగిన తెలుగు ఆ పాత్రచేత పలికించిరి. అందుచేత దానికి కీర్తియే వచ్చెను గాని లోటు రాలేదు. ఆ నాటకమందలి బాలపాత్రలే చూడుడు. కరటకశాస్త్రి శిష్యుడు ఆడుపిల్ల వేషము వేసికొని పెండ్లిపీటల మీద కూర్చుండి, ముసలివానికి అమ్ముడుపోనున్న చిన్నపిల్లను కాపాడును. బాలుని నటనాకౌశలమే కథకు ఇరుసైన నాటకము మనకు ఇంకొకటి కలదా? నాటకము మొత్తము పిల్లలది కాదు. ఆ పాత్ర మాత్రము పిల్లలది. కాబట్టి వేషమునకు వేషపు తెలుగు, ఇంటికి ఇంటి తెలుగు. రెండును వచ్చిన బిడ్డ మూడవదియు త్వరలో నేర్చును.

వ్రాతప్రతి లేకయే ఆడించుటకు మన జానపదులు ఒక గని విడిచి పోయినారు. హరిదాసు, బుడబుక్కలవాడు, ఎరుకలసాని, పిట్టలదొర. వీరిలో పిట్టలదొర పిల్లలపాలిటి కల్పవృక్షము. పాతకోటు, చెక్క తుపాకి, ఇల్లు లేకున్నను ఏడంతస్తుల మేడ కలదని కోతలు. బిడ్డను నిలబెట్టి "నీకు ఎన్ని ఏనుగు లున్నవి దొరా?" అని అడిగిన చాలును. కోత కోయుటకు కంఠస్థము అక్కరలేదు. ఏ బిడ్డకును ఆ విద్య నేర్పవలసిన పనియు లేదు. మాట చాలక ఆగినచోట ప్రక్కవాడు అందించును. ఆ అందుకొన్న మాట మరువరాదు. ఎరుకలసాని సోదె చెప్పించినచో బామ్మలే లేచి వచ్చి బాణీ దిద్దుదురు. శిక్షకులు దొరకుట లేదని విచారించు సంఘములవారు మొదట ఆ బామ్మలను పిలువవలెను.

పొరుగువారినుండి నేర్చికొనుటకు సిగ్గు పడనక్కరలేదు. బి.వి.కారంతగారి ఆధ్వర్యమున 1989లో మైసూరున నెలకొన్న రంగాయణము వేసవులలో 'చిన్నర మేళ' నడిపినది. అందు కన్నడమున ఆడి వచ్చిన తెలుగు బిడ్డ తెలుగునకు శత్రువు కాడు. రంగమునకు అలవాటుపడిన దేహముతో వచ్చిన మిత్రుడు. మనవారిలోను ఈ పనికి జీవితము లర్పించినవారు కలరు. బరంపురమున 1905లో జన్మించిన న్యాయపతి రాఘవరావుగారు, వారి సతీమణి కామేశ్వరిగారు చెన్నపట్టణమున రేడియో అన్నయ్య, అక్కయ్యలై 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించి, బిడ్డల మాటను బిడ్డల గొంతుననే నాడు వినిపించిరి. రేడియోకు కిరీటము లేదు, తెర లేదు; గొంతు ఒక్కటే. నేటి మన వేదికలకు ఆ పేదరికము కొంత కావలసియున్నది.

రాబోవు ఉత్సవమునకు ఏమి ఆడింపవలెనని ఎవరైన అడిగినచో మేము ప్రహ్లాదుని బడి ఘట్టమునే సూచింతుము. స్తంభము, నృసింహుడు, రక్తము వద్దు, బడి చాలును. చండామార్కులు పాఠము చెప్పుదురు, బయటికి పోవుదురు, ప్రహ్లాదుడు తోడిపిల్లలతో మంతనమాడును, గురువులు తిరిగివచ్చి గుట్టు తెలిసి గుండెలు బాదుకొందురు. అంతయు వచనము; పద్యము లొకటి రెండు చివరకు. గురువులు ఆడుబిడ్డలైనను అడ్డు లేదు. అసురబాలురు ఎందరుండవలెనని ఎచటను నియమము లేదు. పదిమంది వచ్చిన పదిమంది, ముప్పదిమంది వచ్చిన ముప్పదిమంది. ఒక్కొక్కరికి తమ యింటి తెలుగున ఒక్కొక్క సందేహము అడుగుటకు అనుజ్ఞ ఇవ్వవలెను; ఆ సందేహమును బిడ్డయే కల్పించుకొనవలెను. సంక్రాంతికి ఆడదలచినచో దసరా సెలవులలోనే ఆరంభింపవలెను, వారమునకు ఒక్క సాయంకాలము. ప్రాంప్టరు వద్దు. మధ్య మరచినచో తోడి అసురుడు అందించుకొనును.